మాల వేసుకోకపోయినా మందు మానొచ్చు

మా నల్గొండలో మందు ముట్టని మనిషిని ఎవరూ ఏమీ అడగకుండా వదిలేసే సందర్భాలు రెండే. మెడలో మాల ఉండాలి, లేదా చేతిలో డాక్టరు చీటీ ఉండాలి. ఈ రెండూ లేకుండా, ఒంట్లో బాగానే ఉండి, ఇంకాస్త దమ్ము పెంచుకుందాం, పొట్ట తగ్గించుకుందాం అనుకుని కొన్ని నెలలు తాగనని చెప్పిన మనిషికి మాత్రం వంద ప్రశ్నలు. ఏమైంది, ఇంట్లో గొడవైందా, షుగర్ వచ్చిందా, లివర్ ఖరాబైందా? నేను రాస్తున్నది ఆ మూడో రకం మనిషి గురించే, ఎందుకంటే ఇప్పుడు నేనే ఆ మనిషిని. దేవుడి పేరో రోగం పేరో అడ్డం పెట్టుకోకుండా, "నా ఒంటి కోసం కొన్నాళ్లు మానేసిన" అని నలుగురిలో మామూలుగా చెప్పగలగాలి. ఆ మాట చెల్లకపోవడం వల్లే, మానగలిగి ఉండి కూడా చాలామంది మానట్లేదని నా గట్టి నమ్మకం.

మాల సంగతే చూడండి. కార్తీకం వచ్చిందంటే మా బజార్లో ప్రతి నాలుగో ఇంట్లో ఒక స్వామి కనిపిస్తాడు. 41 రోజుల మండల దీక్ష, తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, మందూ ముక్కా బంద్. సాయంత్రం క్వార్టర్ పడనిదే ఇంటికి పోని మనుషులు కూడా ఆ దీక్షను నిష్ఠగా పూర్తిచేయడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మా ఇంట్లోనే ఏటా మాల వేసుకునేవాళ్లున్నారు, వాళ్ల నిష్ఠ మీద నాకు గౌరవం ఉంది. నన్ను ఆలోచనలో పడేసేది వేరే విషయం. ఆ 41 రోజుల్లో మనిషి అదే, ఉద్యోగం అదే, టెన్షన్ అదే, దారిలో వైన్స్ కూడా అక్కడే ఉంటుంది. మారేది చుట్టూ ఉన్నవాళ్లు. స్వామి చేతిలో ఎవరూ గ్లాసు పెట్టరు, "ఒక్కటే కదా" అనరు, పక్కకు జరిగి దారిస్తారు. మాల తీసిన మర్నాడు అదే స్నేహితులు అదే మనిషికి పెగ్గు కలిపి ఇస్తారు. అంటే మన దగ్గర మానడానికి కావలసిన బలం మనుషుల్లో ఉంది, పక్కవాళ్లు ఇచ్చే సందు లేదు.

మొన్నటి పెళ్లిళ్ల సీజన్లో జరిగింది చెప్తాను. దేవరకొండ రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్, రాత్రి తొమ్మిది దాటింది, ముందు తలంబ్రాల ఫోటోలు నడుస్తుంటే వెనకాల పార్కింగ్‌లో కారు డిక్కీ ఎత్తి ఉంది. లోపల బీర్ల కాటన్, దాని పక్కన ఐసు గడ్డలు వేసిన నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు, కవర్లో డిస్పోజబుల్ గ్లాసులు, పేపర్ మీద పల్లీలు, గుండ్రంగా కోసిన ఉల్లిగడ్డ, ఉడకబెట్టిన గుడ్లు సగానికి కోసి కారం చల్లి పెట్టారు. నేను పోయి నిలబడ్డానో లేదో మా బావ గ్లాసు నింపి నా వైపు చాపాడు.

"కొన్ని రోజులు బంద్ వెట్టిన బావా."

"ఏందుకు? మాల గిట్ల ఏసినవా?"

"లే. పొద్దున గ్రౌండ్‌ల ఉరుకుతున్న. దానికోసం."

"ఉరికేటోళ్లు తాగరా ఏంది? ఒక్క బీరు ఏం జేస్తది?"

ఇంతలో మా చిన్నాయిన వచ్చి, "పెద్దోణ్ని నేను పోస్తుంటే వద్దంటవారా" అన్నాడు. అక్కడితో అది మందు విషయం కాకుండా మర్యాద విషయం అయిపోయింది. నేను గ్లాసు పట్టుకోలేదు, ఆయన కాసేపు మాట్లాడలేదు, భోజనాల దగ్గర మళ్లీ మామూలయ్యాడు. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఆ డిక్కీ దగ్గర ఉన్నవాళ్లెవరూ నా చెడు కోరేవాళ్లు కారు. మన వైపు పోయడం అంటే ప్రేమ, పిలవడం అంటే లెక్కలో పెట్టుకోవడం. పెళ్లికీ పోస్తారు, దినాలకూ పోస్తారు, యాట కోస్తే పోస్తారు, బిడ్డ పుడితే పోస్తారు. అందుకే వద్దనడం ఇంత కష్టం. శత్రువు గ్లాసు చాపితే తోసేయడం తేలిక, చిన్నాయిన చాపితే కాదు.

ఇక "ఒక్క బీరు ఏం జేస్తది" అన్నదానికి ఆ రోజు జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు. అందులో ఆల్కహాల్ 7 శాతం అనుకుంటే, తూకంలో దాదాపు 36 గ్రాములు. విస్కీ సీసా మీద చూడండి, 42.8 శాతం అని రాసి ఉంటుంది. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల స్మాల్ పెగ్గులో ఉండేది 10 గ్రాములు. అంటే "నేను హాట్ ముట్టను, బీరే" అని గర్వంగా చెప్పే మనిషి ఒక్క సీసాతో మూడు పెగ్గులకు పైనే తాగాడు. రెండు సీసాలు తాగితే క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్ల విస్కీ, దాటిపోయాడు. ఒంటికి సీసా ఆకారం తెలియదు, గ్రాములే తెలుస్తాయి.

ఎండాకాలం బీరు చలువ చేస్తుందనే నమ్మకం ఒకటి మన జిల్లాలో బాగా పాతుకుపోయింది. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ఊళ్లో చల్లటి సీసా చేతికి హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ను ఆల్కహాల్ అణచివేస్తుంది. అందుకే గంటకోసారి మూత్రానికి లేస్తాం, పొద్దున నోరు పిడచకట్టుకుపోయి, తల దిమ్ముగా ఉంటుంది. ఎండలో తిరిగి నీళ్లు కోల్పోయిన ఒంట్లోంచి ఇంకొన్ని నీళ్లు తీసేసే దాన్ని చలువ అనడం ఆపేయాలి. చలువ కావాలంటే మజ్జిగ ఉంది, తాటిముంజలు ఉన్నాయి.

బరువు సంగతికి వస్తే, ఒక గ్రాము ఆల్కహాల్‌కు 7 కేలరీలు. అన్నంలోని పిండిపదార్థానికి 4, నూనెకు 9. క్వార్టర్ విస్కీలో ఆల్కహాల్ 60 గ్రాములు, అంటే 420 కేలరీలు ఉత్త మందులోనే, మీద పోసుకున్న థమ్సప్పు, చకనా లెక్కలోకి రాలేదు. 70 కిలోల మనిషి ఆ 420 ఖర్చు పెట్టాలంటే మామూలు నడకతో గంటన్నరకు పైనే నడవాలి. వంద గ్రాముల పల్లీలు ఇంకో 550 పైన. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఆల్కహాల్‌ను ఒళ్లు దాచుకోలేదు, దాన్ని విషంలాగే చూసి ముందు దాని పని పడుతుంది. అది అయిపోయేదాకా కొవ్వు కరిగించే పని పక్కన పెడుతుంది. కాబట్టి మందుతో పాటు తిన్న ఫ్రై, బిర్యానీ పోయి నేరుగా నడుం చుట్టూ కూర్చోవడంలో వింతేమీ లేదు. పొద్దున గ్రౌండ్‌లో రౌండ్లు కొట్టి, రాత్రి సిట్టింగ్‌లో కూర్చుని, ఎన్ని నెలలైనా పొట్ట తగ్గట్లేదని బాధపడే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ల కష్టంలో లోపం లేదు. ఒక చేత్తో నింపుతున్న కుండకు ఇంకో చేత్తో చిల్లి పెట్టుకుంటున్నారు.

నిద్ర గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నాకు అసలు తేడా తెలిసింది అక్కడే. "రెండు పెగ్గులేస్తే మంచిగ నిద్ర పడ్తది" అనే మాట మనందరికీ అలవాటు. నిద్ర పడుతుంది, నిజమే, త్వరగానే పడుతుంది. కానీ లివర్ గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు. క్వార్టర్ కరగడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు. రాత్రి పదిన్నరకు ఆపిన మనిషి ఒంట్లో తెల్లవారుజామున ఐదింటికి కూడా మందు మిగిలి ఉండొచ్చు. ఆ రాత్రంతా గుండె మామూలు కన్నా వేగంగా కొట్టుకుంటుంది, కలలొచ్చే నిద్ర తగ్గిపోతుంది, రెండో జాము దాటాక మాటిమాటికీ మెలకువ వస్తుంది. చెమట, దాహం, గుండెల్లో మంట. అలా పడుకుని లేచిన మనిషి పొద్దున బూట్లు వేసుకుని ఎంత దమ్ముతో ఉరుకుతాడు? ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి: రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం, ఆ లెక్క పొద్దుటికీ వర్తిస్తుంది. రాత్రి పెళ్లి చూసుకుని, తెల్లారి ఐదింటికి హైవే ఎక్కి హైదరాబాద్ డ్యూటీకి పోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నేను మానిన మొదటి వారం నిద్ర సరిగా పట్టలేదు. తీపి మీద మనసు పోయేది, రాత్రి పూట బెల్లం ముక్క కోసం వంటింట్లోకి పోతుంటే మా ఆవిడ నవ్వేది. రెండో వారం దాటాక ఒక పొద్దున అలారం కన్నా ముందే మెలకువ వచ్చింది, తల తేలిగ్గా ఉంది. లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు నాకు కొలబద్ద. అంతకుముందు మధ్యలో రెండు చోట్ల గోడకు చేయి ఆనించి, నోరు తెరిచి గాలి పీల్చుకునేవాణ్ని, చెవుల్లో గుండె చప్పుడు వినిపించేది. నెల గడిచాక ఒకచోటే ఆగాను. ఆ తర్వాత కొన్ని వారాలకు దర్గా దాకా ఆగకుండా ఎక్కి, పైనుంచి ఊరంతా చూస్తూ పక్కనున్న పెద్దాయనతో మామూలుగా మాట్లాడగలిగాను. బీపీ అంతకుముందు పై అంచున ఉండేది, కిందికి దిగింది. ప్యాంటు నడుం దగ్గర వదులైంది. ఇవి నా ఒక్కడి సంగతులు, అందరికీ ఇంతే జరుగుతుందని అనను. కానీ ఇది నా ఒక్కడి భ్రమ కూడా కాదు. లండన్‌లో ఒక నెల మానేసినవాళ్లను పరీక్షించి 2018లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో బరువు, బీపీ తగ్గడమే కాకుండా, ఇన్సులిన్‌కు ఒళ్లు లొంగని గుణం నాలుగో వంతు దాకా తగ్గిందని తేలింది. ఇంటింటికీ షుగర్ ఉన్న మనకు ఆ చివరి మాట చాలా ముఖ్యం. లివర్‌లో పేరుకున్న కొవ్వు కూడా మానితే వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. లివరే గట్టిపడి సిరోసిస్ దాకా పోయాక అంత తేలిగ్గా వెనక్కి రాదు, అందుకే బాగున్నప్పుడే ఆపి చూడమనడం.

బ్రిటన్‌లో 2013 నుంచి జనవరి నెలంతా మానేసే కార్యక్రమం నడుస్తోంది. అక్కడ మానడానికి ఎవరూ కారణం చెప్పక్కర్లేదు, నెల పేరు చెబితే చాలు. మనకు మాల ఉంది, శ్రావణం ఉంది, ఆ అలవాటు మనకు కొత్త కాదు. "మళ్ల తాగేదానికి మానుడు ఎందుకు" అని మా బావ లాంటివాళ్లు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఆ జనవరిలో మానినవాళ్లను సస్సెక్స్ యూనివర్సిటీ వాళ్లు ఆగస్టులో మళ్లీ అడిగితే, మునుపటి కన్నా వారంలో తక్కువ రోజులే తాగుతున్నామన్నారు. నాకు అందులో ఆశ్చర్యం లేదు. కొన్ని నెలలు దూరంగా ఉంటే ఏ గ్లాసు నిజంగా కావాలనిపించి తాగేవాళ్లమో, ఏది చేతిలో పెట్టారు కాబట్టి తాగేవాళ్లమో విడివిడిగా కనిపిస్తుంది. నేను జీవితాంతం మానేశానని ఎక్కడా చెప్పలేదు. దసరాకు ఏం చేస్తానో దసరా వచ్చాక చూస్తాను. కానీ పాత పద్ధతిలో, ఎవరు పోస్తే అంత, ఎప్పుడు పిలిస్తే అప్పుడు అన్నట్టు ఉండబోనని మాత్రం నాకు తెలుసు.

ఇంకో వాదన, తాతలు కల్లు తాగి తొంభై ఏళ్లు బతికారని. తాగింది చెట్టు కల్లు, నాలుగైదు శాతం ఆల్కహాల్ ఉండేది, తాగిన మనిషి పొద్దంతా నాగలి పట్టాడు, మోట కొట్టాడు. నేను ఆడిటర్ ఆఫీసులో కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ముందు లెక్కలు రాస్తాను. నా ఒళ్లు ఆయన ఒళ్లు కాదు, నా సీసా ఆయన ముంత కాదు. పైగా తొంభై దాకా బతికిన తాత కనబడతాడు, యాభైకే పోయినవాళ్లు వాదనకు రారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో సూటిగా చెప్పింది, ఇంత తాగితే ప్రమాదం లేదు అనే కొలత ఏదీ లేదని. ఆల్కహాల్ క్యాన్సర్ కలిగించే పదార్థమని 1988లోనే తేల్చారు. దానికి గుట్కా, సిగరెట్ తోడైతే నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లవుతుంది, మన దగ్గర ఆ రెండూ ఒకే చేతిలో ఉంటాయి.

ప్రభుత్వం ఆపుతుందని ఎదురుచూడటం దండగ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు, 1993లో సారా బంద్ అయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ ఆడవాళ్ల పోరాటానికి నేను తల వంచుతాను, అది లేకపోతే ఎన్ని కొంపలు కూలేవో. కానీ ఈ రోజు ఖజానా ఎటు చూస్తుందో అందరికీ తెలుసు. 2023లో మన రాష్ట్రంలో 2,620 వైన్ షాపులకు లాటరీ పెడితే, తిరిగి ఇవ్వని దరఖాస్తు రుసుము రూపంలోనే 2,600 కోట్లకు పైగా వచ్చింది. షాపు తెరవకముందు, ఒక్క సీసా అమ్మకముందు వచ్చిన డబ్బు అది. అలాంటి చోట నన్ను ఆపమని ఎవరికి చెప్పుకోను? నా ఒంటి సంగతి నేనే చూసుకోవాలి.

ఇది చదివి రేపే మానేద్దామనుకునేవాళ్లలో కొందరికి మాత్రం నేను వద్దు, ఆగండి అంటాను. పొద్దున లేవగానే చేతులు వణికేవాళ్లు, ఆ వణుకు ఆగడానికి పొద్దున్నే ఒక పెగ్గు పడాల్సినవాళ్లు, ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్ రావొచ్చు, మతి చెదిరి లేనివి కనిపించొచ్చు, ప్రాణం మీదికి కూడా రావొచ్చు. మాల వేసుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. మన మహబూబ్‌నగర్, నల్గొండ పల్లెల్లో ఇంకో ప్రమాదం ఉంది, కల్తీ కల్లు. అందులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. తాగేవాళ్లు తెలియకుండానే నిద్రమాత్రలకు బానిసలవుతారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మందు ఒక్కసారిగా దొరక్కపోయేసరికి ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం ఎలా బారులు తీరారో టీవీల్లో చూశాం. వాళ్లది పిరికితనం కాదు, బలహీనత కాదు, మందు దిగేటప్పుడు ఒళ్లు చేసే తిరుగుబాటు. అలాంటివాళ్లు ముందు డాక్టరుకు చూపించుకుని, మందులతో మెల్లగా దిగాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు. చెట్టు కల్లు నిజాయితీగా గీసి అమ్మే గౌడన్నల మీద నాకు ఏ కోపమూ లేదు, కల్తీ వల్ల ముందు నష్టపోయేది వాళ్లే.

మిగతావాళ్లకు, అంటే వారానికి రెండు మూడు సిట్టింగులు, నెలకు నాలుగు ఫంక్షన్లు ఉన్న నాలాంటివాళ్లకు, శ్రావణం మొదలుపెట్టడానికి మంచి నెల. చాలా ఇళ్లలో ముక్క బంద్ ఉంటుంది, చకనా లేక సిట్టింగులే సగానికి తగ్గుతాయి. మొదలుపెట్టే రోజు బీపీ చూపించుకుని, బొడ్డు దగ్గర నడుం కొలిచి కాగితం మీద రాసిపెట్టుకోండి. పిలిచినచోటికి పోవడం మానకండి, మానితే నలుగురికీ దూరమై వారానికే విసుగొచ్చి మళ్లీ మొదలుపెడతారు. ఇంటి దగ్గర కాస్త తినిపోండి, చేతిలో ముందే ఒక గ్లాసు సోడానో నిమ్మరసమో పట్టుకోండి, ఖాళీ చేయి చూస్తేనే మనవాళ్లకు పోయబుద్ధవుతుంది. ఎందుకని అడిగితే ఒక్క వాక్యంలో చెప్పి మాట మార్చేయండి, ఉపన్యాసం వద్దు, తాగేవాణ్ని తక్కువ చేసి మాట్లాడటం అసలే వద్దు.

పోసేవాళ్లకు నేను అడిగేది ఒకటి ఉంది. మీ ఇంట్లో దావత్ పెట్టేటప్పుడు బీర్లు ఎన్ని తెప్పించారో లెక్క చూసుకున్నట్టే, తాగనివాళ్లకు ఏం పెడుతున్నారో కూడా చూడండి. కరివేపాకు, అల్లం దంచివేసిన చల్లటి మజ్జిగ, నిమ్మ సోడా అదే బల్ల మీద, అదే ఐసు టబ్బులో పెట్టండి. పిల్లలతో, ఆడవాళ్లతో పాటు లోపల కూర్చోమని పంపేయకండి, మీ పక్కనే కుర్చీ వేయండి. వద్దన్నవాణ్ని రెండోసారి అడగకండి. మా బావ ఈమధ్య తన కొడుకు పుట్టినరోజుకు అలాగే చేశాడు. రాత్రి పదింటికి చూస్తే మజ్జిగ గిన్నె అడుగంటింది, తాగినవాళ్లలో మా చిన్నాయిన కూడా ఉన్నాడు.